అమెరికాలో సెల్ఫ్ చెకౌట్: ఒక్క వస్తువు కూడా లెక్క తప్పకుండా బిల్లు చేసుకోవడం ఎలా?

ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి చదువుకోవడానికి మన పిల్లల కొత్త బ్యాచ్ అమెరికాలో దిగుతుంది. దిగిన రెండు మూడు వారాలకు నా ఫోన్‌కి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "అన్నా, సెల్ఫ్ చెకౌట్‌లో ఏదో ఒకటి స్కాన్ అవ్వకుండా బ్యాగులోకి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక చూశాను. ఇప్పుడేమవుతుంది?" సెల్ఫ్ చెకౌట్ అంటే క్యాషియర్ లేకుండా మనమే వస్తువులు స్కాన్ చేసి డబ్బు కట్టే మెషీన్. అడిగేవాళ్లలో చాలామంది నిజంగా పొరపాటు పడ్డవాళ్లే. కొందరు మాత్రం "ఇలా నొక్కితే తక్కువ పడుతుందని మా రూమ్మేట్ చెప్పాడు, పర్లేదా?" అని మొదలుపెడతారు. ఒక్కొక్కరికీ విడిగా సమాధానం చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది.

ముందు తెలుసుకోవలసింది ఒక్కటే. దొంగతనం కేసు నిలబడాలంటే కావాలని చేశారని చూపించాలి. పొరపాటు నేరం కాదు. కానీ పైన ఉన్న కెమెరాకు మీ మనసులో ఏముందో తెలియదు, చేతులు ఏం చేశాయో మాత్రమే కనిపిస్తుంది. అందుకే పొరపాటు జరిగే సందు లేకుండా చేసుకోవాలి. ఒకవేళ జరిగితే వెంటనే సరిచేసుకున్నట్టు కనబడాలి. కింద చెప్పేదంతా ఈ రెండింటి కోసమే.

వెళ్లేముందు దగ్గర ఉండాల్సినవి

మీ పేరు మీదున్న చిప్ కార్డు, వీలైతే ట్యాప్ చేసేది. బ్యాంకు యాప్‌లో ప్రతి ఖర్చుకూ మెసేజ్ వచ్చేలా సెట్టింగ్ పెట్టుకోండి. దీని అవసరం తర్వాత చెబుతాను.

మడతపెట్టిన ఖాళీ సంచులు రెండు మూడు. న్యూజెర్సీ రాష్ట్రంలో 2022 మే నుంచి పెద్ద గ్రాసరీ స్టోర్లలో ప్లాస్టిక్ కవర్లే కాదు, పేపర్ కవర్లు కూడా ఇవ్వరు. సంచి లేకపోతే సామాన్లు చేతుల్లో, జేబుల్లో పట్టుకుని బయటకు రావాల్సి వస్తుంది. అదేం బాగోదు.

ఆ స్టోర్ మెంబర్‌షిప్‌తో లింకైన ఫోన్ నంబర్. అరలో పసుపు లేబుల్ మీద కనిపించే తక్కువ ధర చాలాచోట్ల మెంబర్లకే పడుతుంది. ఉచితమే, ఐదు నిమిషాల పని.

ఒక ఐడీ. ఇక ముఖ్యంగా, ఇంటికి వీడియో కాల్ ఆన్‌లో పెట్టి బిల్లింగ్ చేయకండి. నాకు తెలిసిన పొరపాట్లలో చాలావాటికి కారణం ఇదే. అమ్మతో మాట్లాడుతూ పాల క్యాన్ స్కానర్ మీదుగా తీసుకెళ్లి సంచిలో పెడతారు. బీప్ వచ్చిందో లేదో వినిపించదు.

1. సామాన్లు తీసుకునేటప్పుడే లెక్క మొదలుపెట్టండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి, కార్టులో ఒక్కో వస్తువు పెట్టినప్పుడల్లా ఒక అంకె పెంచుకుంటూ పోండి. పేర్లు రాయనక్కర్లేదు, అంకె చాలు. తూకం వేసే కూరగాయలు ఒక కవరు అయితే ఒకటి. ఒకేరకం పెరుగు కప్పులు ఆరు తీసుకుంటే ఆరు. చివర్లో ఈ అంకె మీద చాలా ఆధారపడతాం.

హెచ్చరిక: డబ్బు కట్టకముందు ఏదీ మీ సంచిలోగానీ, వీపు మీదున్న బ్యాక్‌ప్యాక్‌లోగానీ, జాకెట్ జేబులోగానీ పెట్టకండి. "కార్టు ఎందుకులే, నాలుగు వస్తువులేగా" అని సంచిలోనే వేసుకుంటూ తిరిగేవాళ్లను చూస్తుంటాను. న్యూజెర్సీ చట్టం ప్రకారం కొనని వస్తువును కావాలని కనబడకుండా దాస్తే చాలు, డబ్బు కట్టకుండా పట్టుకుపోయే ఉద్దేశం ఉందని అనుకోవచ్చు. గుమ్మం దాటాల్సిన అవసరం కూడా లేదు. సంచి అయితే మడతపెట్టి కార్టు పైభాగంలో పిల్లలు కూర్చునే చోట పెట్టండి. లేదంటే స్టోర్ బుట్ట తీసుకోండి.

2. కూరగాయల దగ్గరే కోడ్ ఫోటో తీసుకోండి

విడిగా అమ్మే పళ్లు, కూరగాయలకు బార్‌కోడ్ ఉండకపోవచ్చు. వాటికి పీఎల్‌యూ అనే నాలుగంకెల నంబరుంటుంది. పండు మీద చిన్న స్టిక్కరుగా గానీ, అర మీది ధర బోర్డులో గానీ చూడొచ్చు. అరటిపండు 4011. ఎర్ర ఉల్లిపాయ 4082. రోమా టమాటా 4087. అల్లం 4612. వెల్లుల్లి 4608. బెండకాయ 4655. కొత్తిమీర 4889. ముందు 9 చేరి ఐదంకెలైతే అది ఆర్గానిక్. అంటే 94011 ఆర్గానిక్ అరటిపండు. ఎక్కువ స్టోర్లు వాడేవి ఇవే నంబర్లు, కొన్నిచోట్ల సొంత నంబర్లూ ఉంటాయి. కాబట్టి కంఠతా పట్టడంకన్నా ధర బోర్డు ఫోటో తీసుకోవడం మేలు. ఆ ఫోటోలో కోడ్ ఉంటుంది, ధర ఉంటుంది, ఆ ధర పౌండుకా ఒక్కోదానికా అన్నదీ ఉంటుంది.

పౌండంటే దాదాపు 454 గ్రాములు. మన కిలో లెక్కకు రెండు పౌండ్ల పైచిలుకు.

3. మెషీనా, మనిషా? ముందే తేల్చుకోండి

పదిహేను వస్తువులు దాటితే, లేదా నాలుగైదు రకాల విడి కూరగాయలుంటే, మొదటి రెండు నెలలు క్యాషియర్ దగ్గరకే వెళ్లండి. లైను కాస్త పొడుగ్గా ఉంటుంది, అంతే. అక్కడ కోడ్ కొట్టేది వాళ్లు కాబట్టి లెక్క తప్పిందన్న బెంగ మీకుండదు. టార్గెట్ అనే పెద్ద స్టోర్ల సంస్థ అయితే 2024 మార్చి నుంచి చాలా స్టోర్లలో సెల్ఫ్ చెకౌట్‌ను పది వస్తువులకే పరిమితం చేసింది. ఆ బోర్డు చూసుకోండి. పదకొండోది ఉంటే పక్క లైనుకు వెళ్లండి. బిల్లును రెండు ముక్కలు చేసి మెషీన్‌తో కుస్తీ పట్టకండి.

4. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు

మెషీన్ దగ్గర ఒక పద్ధతి పెట్టుకోండి. స్కాన్ చేయనివన్నీ కార్టులో ఒక పక్క, స్కాన్ చేసినవన్నీ ఇంకో పక్క సంచుల్లో. మధ్యలో ఏదీ ఉండకూడదు. సొంత సంచి వాడుతుంటే స్క్రీన్ మీద సొంత సంచి అనే బటన్ నొక్కి, ఖాళీ సంచిని పెట్టి, మెషీన్ సరే అన్నాకే మొదలుపెట్టండి. చాలా మెషీన్లలో సంచి పెట్టే చోటు కింద తూకం ఉంటుంది. స్కాన్ చేసిన వస్తువు ఎంత బరువుండాలో దానికి ముందే తెలుసు. మీరు చెప్పకుండా సంచి పెడితే అదేదో తెలియని వస్తువనుకుని అరవడం మొదలుపెడుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే స్కాన్ చేసేది ఒక్కరే, సంచిలో పెట్టేదీ వాళ్లే. ఒకరు స్కాన్, ఒకరు ప్యాకింగ్ అని పంచుకున్న చోటే "నువ్వు చేశావనుకున్నా" అనే మాట వినబడుతుంది.

5. బీప్, పేరు, ధర: మూడూ చూడాలి

బీప్ ఒక్కటే నమ్మకండి. పక్క మెషీన్ బీప్ కూడా మీదే అనిపిస్తుంది. స్క్రీన్ మీద కొత్త వరస చేరిందా, అందులో పేరు మీరు పట్టుకున్నదేనా, ధర అరలో చూసినంతే ఉందా? ఈ మూడూ చూశాకే వస్తువును కింద పెట్టండి. మొదట్లో ఒక్కోదానికి మూడు సెకన్లు పడుతుంది. వారం తిరిగేసరికి అలవాటైపోతుంది.

ఇక్కడ మంచివాళ్లు కూడా తరచుగా పడే గొయ్యి ఒకటుంది. ఇరవైనాలుగు నీళ్ల బాటిళ్ల కేసు, పన్నెండు కూల్‌డ్రింక్ క్యాన్ల ప్యాక్ లాంటివాటికి పైన ఒక బార్‌కోడ్, లోపల ఒక్కో బాటిల్ మీద వేరే బార్‌కోడ్ ఉంటాయి. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ చుట్టలోంచి లోపలి బాటిల్ కోడ్ స్కాన్ అయిందనుకోండి, మొత్తం కేసుకు ఒక్క బాటిల్ ధరే పడుతుంది. బీప్ వస్తుంది, పేరు కూడా దాదాపు అదే. ధర చూస్తేనే తేడా పట్టుకోగలరు. అలా జరిగితే మీరే తీసేయబోకండి, చెయ్యెత్తి అటెండెంట్‌ను, అంటే ఆ మెషీన్ల దగ్గర చూసుకునే ఉద్యోగిని పిలవండి.

6. విడి కూరగాయలు: నిదానంగా చదవాల్సింది ఇది

మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. అందులో సగం ఇబ్బంది పేర్ల వల్ల. మనం బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్ పేర్లు ఈ మెషీన్‌కు తెలియవు. లేడీస్ ఫింగర్ అని టైప్ చేస్తే ఏమీ రాదు. వెనకాల నలుగురు నిలబడి ఉంటారు. చెమటలు పడతాయి. ఆ కంగారులో స్క్రీన్ మీద ఆకుపచ్చగా, పొడుగ్గా ఏది కనిపిస్తే అది నొక్కేస్తారు. ఆ నొక్కింది చవకదైతే, కెమెరాలో చూసేవాళ్లకు మీరు బెండకాయల్ని వేరేదిగా బిల్లు చేసిన మనిషి. న్యూజెర్సీ చట్టంలో ధర లేబుల్ మార్చడం, పూర్తి ధరకన్నా తక్కువ పడేలా చేయడం కూడా షాప్‌లిఫ్టింగ్ కిందికే వస్తాయి.

కాబట్టి ఇక్కడి పేర్లు ముందే రాసిపెట్టుకోండి. బెండకాయ ఓక్రా. వంకాయ ఎగ్‌ప్లాంట్. మన గుత్తి వంకాయలాంటి చిన్నవాటికి ఇండియన్ ఎగ్‌ప్లాంట్ అని వేరే ధర ఉంటుంది. క్యాప్సికం బెల్ పెప్పర్, అందులో ఆకుపచ్చది, ఎరుపుది ఒకే ధర కాకపోవచ్చు. కొత్తిమీర సిలాంట్రో. ఉల్లికాడలు గ్రీన్ ఆనియన్. బీట్‌రూట్ బీట్స్. సొరకాయ అమెరికన్ స్టోర్లో ఓపో స్క్వాష్ పేరుతో కనిపించొచ్చు, బీరకాయ చైనీస్ ఓక్రా పేరుతో. పచ్చిమిర్చి అని వెతికితే దొరకదు. సన్నగా ఉండేవి సెరానో, లావుగా ఉండేవి హలపేన్యో. సెరానో 4709, హలపేన్యో 4693. స్పెల్లింగ్‌లో హలపేన్యో జె అక్షరంతో మొదలవుతుంది, హెచ్ దగ్గర వెతికితే కనపడదు.

తూకం వేసే తీరు ఇలా: ముందు కోడ్ కొట్టండి లేదా పేరు వెతికి బొమ్మ నొక్కండి. కవరును స్కానర్ అద్దం మీద పూర్తిగా పెట్టి చేయి తీసేయండి. కవరు చెవులు పైకి పట్టుకుని ఉంటే బరువు తక్కువ చూపిస్తుంది. మీరు కవరు జారకుండా పట్టుకున్నానని అనుకుంటారు, చూసేవాళ్లు వేరేలా అనుకుంటారు. కొత్తిమీర కట్ట, ఉల్లికాడల కట్ట అంచు దాటి పక్కన ఆనుకోకుండా చూసుకోండి. అంకె కదలడం ఆగాక ముందుకెళ్లండి. నిమ్మకాయలు, అవకాడోలు చాలాచోట్ల లెక్కన అమ్ముతారు. ఎన్ని అని మెషీన్ అడిగితే కవరు విప్పి ఎంచి చెప్పండి, అందాజుగా వద్దు.

ద్రాక్ష సంగతి వేరుగా చెప్పాలి. జిప్ కవరులో ప్యాక్ చేసి ఉంటుంది కాబట్టి అర మీద రాసింది ప్యాకెట్ ధర అనుకుంటారు. సాధారణంగా అది పౌండు ధర. కవరు రెండు పౌండ్లు దాటి ఉంటుంది. బిల్లులో రెట్టింపు కనిపించగానే మెషీన్ తప్పు చేసిందనుకుని ఇంకో కోడ్ కొట్టకండి. వద్దనుకుంటే అటెండెంట్‌కు చెప్పి తీసేయించండి, తప్పేం లేదు.

తూకం అయ్యాక కవరులో ఏమీ కలపకూడదు. రైతు బజారులో కిలో టమాటాలు తూచాక ఒకటి పైన వేసి ఇవ్వడం, కరివేపాకు రెబ్బ ఊరికే పెట్టడం మనకు అలవాటైన కొసరు. అమ్మేవాళ్లు ఇష్టపడి ఇచ్చేది అది. ఇక్కడ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, మనమే వేసుకుంటే దానికి పేరు వేరే. అమ్మానాన్న చూడ్డానికి వచ్చినప్పుడు ఈ సంగతి కారులోనే చెప్పండి. రుచి చూద్దామని రెండు ద్రాక్షపళ్లు నోట్లో వేసుకోవడం, ముదిరిందో లేదో తెలుసుకోవడానికి బెండకాయ కొన విరవడం కూడా. వాళ్లకు అది దొంగతనం అని తోచదు, యాభై ఏళ్లుగా బజారులో చేస్తున్న పని. స్టోర్‌లో నలుగురి ముందు చెబితే చిన్నబుచ్చుకుంటారు.

7. కార్టు అడుగున ఉన్నది మర్చిపోకండి

ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, నీళ్ల కేసు, ఉల్లిపాయల మూట. బరువని కార్టు కింది అరలో పెడతాం. బిల్లు చేసేటప్పుడు కంటికి కనపడవు. నా మొదటి ఏడాది చలికాలంలో నేనూ ఇలాగే ఉల్లిపాయల మూట వదిలేశాను. కారు డిక్కీ తెరిచి సంచులన్నీ పెట్టి, కార్టు తోసేయబోతుంటే కింద ఎర్రటి జాలీ సంచి కనిపించింది. గుండె జారిపోయింది. కారు తాళం వేసి, మూటను కార్టు పైన అందరికీ కనిపించేలా పెట్టి, రిసీట్ చేత్తో పట్టుకుని కస్టమర్ సర్వీస్ కౌంటర్‌కు నడిచాను. విషయం చెప్పాను. ఆవిడ స్కాన్ చేసి, డబ్బు తీసుకుని, థాంక్యూ అంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పటినుంచి నేను చేసేది: బరువైన వస్తువునే మొదట బిల్లు చేస్తాను. చాలా మెషీన్లకు చేతిలో పట్టుకునే స్కానర్ ఉంటుంది. లేకపోతే అటెండెంట్‌ను అడిగితే వాళ్ల స్కానర్ తెస్తారు. బస్తా పైకెత్తాల్సిన పని లేదు. అలాగే పిల్లల సీటు చోటు, మీ సంచి మడతల కింద, చేతిలో సగం తాగిన జ్యూస్ బాటిల్. ఈ మూడింటినీ ఒకసారి చూసుకోండి.

8. మెషీన్ పైనున్న లైటు మారి, మెషీన్ ఆగిపోతే

ఏమీ చేయకండి. ఆగండి. ఇలాంటప్పుడే కొత్తవాళ్లు కంగారుపడి వస్తువు తీసి మళ్లీ పెట్టడం, ఇంకోసారి స్కాన్ చేయడం, ఒక్కోసారి అన్నీ వదిలేసి వెళ్లిపోవడం చేస్తారు. పైన కెమెరా ఉన్న స్టోర్లలో స్కాన్ కాకుండా ఏదైనా దాటిపోయినట్టు అనిపిస్తే సాఫ్ట్‌వేరే మెషీన్‌ను ఆపి అటెండెంట్‌ను పిలుస్తుంది. వాల్‌మార్ట్ 2019 నాటికే వెయ్యికి పైగా స్టోర్లలో ఇలాంటిది వాడుతోంది. అటెండెంట్ వచ్చి ఆ కొన్ని సెకన్ల వీడియో చూసి, సంచిలో ఒకటి తీసి స్కాన్ చేయమంటారు. చేయండి, సారీ చెప్పండి, ముందుకెళ్లండి. రోజుకు ఎన్నోసార్లు చూసే పని వాళ్లకది. మీరు అరిస్తేనే అది పెద్దదవుతుంది.

9. పే నొక్కేముందు లెక్క కలపండి

చాలా మెషీన్లలో స్క్రీన్ మూల మీద ఎన్ని వస్తువులో చూపిస్తుంది. మీ ఫోన్‌లో అంకెతో పోల్చండి. రెండూ ఒకటే అయితే పే నొక్కండి. స్క్రీన్ మీద ఒకటి తక్కువుంటే ఎక్కడో తప్పిపోయింది. ఒకటి ఎక్కువుంటే రెండుసార్లు స్కాన్ అయింది, డబ్బు మీది పోతుంది. సంఖ్య చూపించని మెషీన్ అయితే వరసలు ఎంచుకోండి. రాయితీ వరసలు, సంచి ధర వరస లెక్కలోకి తీసుకోకండి.

ఇంత రాసిన దాంట్లో గుర్తుండేది ఒక్కటే అయితే, ఈ లెక్క కలపడమే గుర్తుంచుకోండి.

10. డబ్బు నిజంగా కట్టారా?

ఆశ్చర్యంగా అనిపించొచ్చు గానీ, డబ్బు కట్టకుండా వెళ్లిపోయిన కేసుల్లో కొన్ని కార్డు పెట్టాక జరిగినవే. కార్డు పెడతారు. మెషీన్ పిన్ అడుగుతుంది, లేదా క్యాష్ బ్యాక్ (కార్డు మీద కొంత నగదు కూడా తీసుకోవడం) కావాలా అని అడుగుతుంది, లేదా ఇండియా కార్డు కాబట్టి తిరస్కరిస్తుంది. మీరు అప్పటికే సంచులు తగిలించుకుని నడుస్తుంటారు. స్క్రీన్ మీద అప్రూవ్డ్ అని చూసేదాకా, రిసీట్ చేతికొచ్చేదాకా అక్కడే ఉండండి. బ్యాంకు మెసేజ్ పెట్టుకోమన్నది ఇందుకే.

మీ డబ్బు వేరేవాళ్లు లాగేయకుండా కూడా చూసుకోవాలి. కార్డు పెట్టే యంత్రం మీద అతికించే దొంగ మూతలు సెల్ఫ్ చెకౌట్ దగ్గర కూడా దొరికిన సందర్భాలున్నాయి. అంచులు పట్టుకుని కొంచెం కదపండి. వదులుగా ఉన్నా, మీటలు మామూలుకన్నా లావుగా ఉన్నా వాడకండి, అటెండెంట్‌కు చెప్పండి. గీకడంకన్నా ట్యాప్ మేలు. పిన్ కొట్టేటప్పుడు రెండో చేయి అడ్డం పెట్టండి.

11. గుమ్మం దాటేముందు రిసీట్ చదవండి

రిసీట్ వద్దు అని ఎప్పుడూ నొక్కకండి. కాగితం తీసుకుని తలుపు ఇవతలే పక్కకు ఆగి మూడు చూడండి. ఎన్ని వస్తువులు కొన్నారన్న లెక్క, వాల్‌మార్ట్ రిసీట్ మీద అది విడిగా అచ్చవుతుంది. మొత్తం. కార్డు చివరి నాలుగు అంకెలు. కాస్ట్కోలో తలుపు దగ్గర అందరి రిసీట్లూ చూస్తారు, మిమ్మల్ని అనుమానించి కాదు. ఇచ్చేయండి. ఇంటికెళ్లాక ఆ రిసీట్‌ను కనీసం నెల రోజులు దాచండి.

తర్వాత తెలిస్తే

పార్కింగ్‌లోనే తెలిస్తే కారు కదపకండి. నేను చేసినట్టే వస్తువు పైకి కనిపించేలా పట్టుకుని రిసీట్‌తో లోపలికి వెళ్లండి. ఇంటికొచ్చాక తెలిస్తే మర్నాడే కస్టమర్ సర్వీస్‌కు వెళ్లండి. ఇంగ్లిష్ తడబడుతుందనుకుంటే ఈ ఒక్క వాక్యం చాలు: "ఐ మిస్డ్ స్కానింగ్ దిస్ ఐటమ్, ఐ వుడ్ లైక్ టు పే ఫర్ ఇట్." రెండు డాలర్ల కొత్తిమీరకు ఎవరు వెళ్తారు అనుకోకండి. కట్టిన రెండో రిసీట్‌ను మొదటిదానికి పిన్ చేసి పెట్టుకోండి.

రూమ్మేట్ చెప్పిన చిట్కా గురించి

ఖరీదైనదాన్ని అరటిపండు కోడ్ మీద కొట్టడం, ఆర్గానిక్‌ను మామూలుగా చూపించడం, రెండు పట్టుకుని ఒకటి స్కాన్ చేయడం, చవక వస్తువు స్టిక్కర్ తీసి అతికించడం. ఇవన్నీ తామే కనిపెట్టినట్టు చెబుతారు. దొంగతనాలు ఆపే స్టోర్ సిబ్బంది మొదట్నుంచీ వీటికోసమే చూస్తుంటారు. "నాలుగుసార్లు చేశాను, ఏం కాలేదు" అన్నది ధైర్యం ఇవ్వాల్సిన మాట కాదు. కొన్ని పెద్ద స్టోర్లు పాత వీడియోలన్నీ జోడించి అయిదోసారి ఒకేసారి కేసు పెడతాయి. మన పిల్లలు ఇలా అరెస్టయిన వార్తలు ఇంటి దగ్గర టీవీల్లో వచ్చినప్పుడు, ఆ అమ్మానాన్నలు ఎలా చూసి ఉంటారో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు సరుకైనా ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా వేసే వీలుంది. మొదటిసారికే కనీసం పది రోజుల సామాజిక సేవ తప్పదు. వీసా మీదున్నవాళ్లకు అసలు దెబ్బ అది కాదు. ఇమిగ్రేషన్ చట్టంలో దొంగతనాన్ని సాధారణంగా నీతిమాలిన నేరాల కోవలో చూస్తారు. దొంగతనం చేస్తే వీసా రద్దు కావచ్చని, మళ్లీ వీసాకు అనర్హులు కావచ్చని ఇండియాలోని అమెరికా ఎంబసీ 2025 జులైలో బహిరంగంగానే హెచ్చరించింది.

ఆపి లోపలికి రమ్మంటే

పరుగెత్తకండి, తోసుకోకండి. పేరు అడిగితే చెప్పండి, ఐడీ చూపించండి. మర్చిపోయి ఉంటే రిసీట్, సంచి ముందు పెట్టి, స్కాన్ కాలేదని గమనించలేదు అన్న ఒక్క మాట చెప్పి ఆగండి. అక్కడినుంచి ఎక్కువ మాట్లాడటం మంచిది కాదు. "రెట్టింపు కడతాను, వదిలేయండి" అని బతిమాలితే కేసు పోదు, ఒప్పుకున్నట్టు మాత్రం వినిపిస్తుంది. కాగితం మీద సంతకం పెట్టమంటే లాయర్‌తో మాట్లాడాకే పెడతానని మర్యాదగా చెప్పండి. పోలీసులొచ్చినా అదే మాట. అరెస్టయితే ఇండియన్ కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు మీకుంది.

కోర్టు తేదీ ఇస్తే తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే వారంట్ వస్తుంది, చిన్న కేసు పెద్దదవుతుంది. వెళ్లేముందు ఒక క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ను కూడా కలవండి. "జరిమానా కట్టేస్తే అయిపోతుంది" అని తప్పు ఒప్పుకోవడం ఇక్కడివాళ్లకు సరిపోవచ్చు, మీకు కాదు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగానో తక్కువ ఫీజుకో న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు ఉంటుంది, ముందు అక్కడ అడగండి. ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పండి. ఒక్కరే మోయకండి.

కేసు కొట్టేసినా అరెస్టు జరిగిన సంగతి చెరిగిపోదు. వీసా దరఖాస్తు అయిన డీఎస్‌-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలి. లేదు అని రాస్తే అది రెండో తప్పవుతుంది. కాబట్టి కేసు ముగిశాక కోర్టు క్లర్క్ దగ్గర తుది తీర్పు కాపీలు ముద్ర వేయించి రెండు మూడు తీసుకోండి. ఒకటి స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి, ఒకటి పాస్‌పోర్టు ఉన్న ఫైల్లోనే ఉంచండి. ఐదేళ్ల తర్వాత వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్లినప్పుడు కిటికీ అవతల అధికారి మొదట అడిగేది ఆ కాగితమే కావచ్చు.